లోయ చూశారు సరే... రాజధాని చూశారా?

1652 సెప్టెంబరు. జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి గండికోట కొండెక్కుతున్నాడు. ముందటేడు మార్సెయిల్స్ రేవులో ఓడెక్కి మధ్యధరా సముద్రం దాటాడు. పర్షియా మీదుగా వచ్చి మచిలీపట్నంలో దిగాడు. మద్రాసు చూసుకుని ఇక్కడికి చేరాడు. కాన్‌స్టాంటినోపుల్, ఇస్ఫహాన్ లాంటి మహానగరాలు తిరిగినవాడు ఈ కోట దారిని తీరిగ్గా వర్ణించాడు. కొండను తొలిచిన ఒకే ఒక్క బాట. కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పు మాత్రమే. కుడిపక్కన భయంకరమైన అగాధం, దాని అడుగున పెద్ద నది. పైకి చేరితే చదును నేల, ఊటనీళ్లతో పండే పైర్లు.

ఆ నది మన పెన్న. ఆ అగాధం అంచునే ఇవాళ మనం ఫొటోలు దిగుతున్నాం. ప్రొద్దుటూరు, పులివెందుల, బెంగళూరు... ఎక్కడెక్కడి నుంచో సెలవురోజు కార్లు వచ్చి వాలతాయి. ఎర్రమల కొండల్ని పెన్న చీల్చుకుపోయిన చోట కాసేపు నిలబడి, భారతదేశపు గ్రాండ్ కాన్యన్ చూశామన్న తృప్తితో తిరిగెళ్లిపోతారు. లోయ గొప్పదే, కాదనేవారెవరు? అయితే టావెర్నియర్ అంతదూరం నుంచి వచ్చింది ఊరి కోసం, ఆ ఊళ్లో కొలువుతీరిన పాలకుడి కోసం. గండికోట ఒక రాజధాని. మధ్యధరా తీరంలోని పాత రాజధానులకు డబ్బు కూడబెట్టుకుని వెళ్లే మనం, ఇంటిపక్కనున్న ఈ రాజధానికి ఒక పూట కూడా ఇవ్వడం లేదు.

విజయనగర కాలంలో గండికోట సీమను పెమ్మసాని నాయకులు ఏలారు. ఆ వంశంలోని రామలింగనాయుడు కృష్ణదేవరాయల సేనానుల్లో పేరుమోసిన వీరుడు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంతో హంపి కూలిపోయింది. గండికోట మాత్రం పడుతూ లేస్తూ ఇంకో 85 ఏళ్లు నెట్టుకొచ్చింది. చివరికి 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని చిన తిమ్మానాయుడి చేతుల్లోంచి లాక్కున్నాడు. మోసం జరిగిందనీ, విషం పెట్టారనీ ఈ సీమలో కథలున్నాయి.

టావెర్నియర్ చూడవచ్చిన పాలకుడు ఈ మీర్ జుమ్లాయే. పర్షియా నుంచి వచ్చినవాడు. వజ్రాల వ్యాపారంలో ఎదిగి గోల్కొండ సుల్తానుకు మంత్రి అయ్యాడు. టావెర్నియర్ రాసిన వాటిలో అతని కొలువు వర్ణన ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. చెప్పుల్లేకుండా కూర్చునేవాడట. కాలివేళ్ల సందుల్లో కొన్ని, ఎడమచేతి వేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే లాగి జవాబులు రాయించేవాడట. వజ్రాల సంచులు తెప్పించి చూపించి, ఇలాంటివి మీ దేశంలో అమ్ముడుపోతాయా అని వచ్చినవాడినే అడిగాడట. ఇవాళ బంగారమంటే ప్రొద్దుటూరు పేరు చెబుతారు. ఆరోజుల్లో ఈ చుట్టుపక్కల మేలిరత్నాల బేరం సాగింది ఈ కొండమీదే.

అదే కొండమీద ఫిరంగులు పోతపోయించాలని మీర్ జుమ్లా సంకల్పించాడు. బూర్జ్ పట్టణానికి చెందిన క్లాడ్ మాయీ అనే ఫ్రెంచివాడికి ఆ పని అప్పగించాడు. ఇరవై ఫిరంగులకు సరిపడా రాగి కోసం గుళ్లలోని విగ్రహాలను పోగుచేయించాడు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదని, చివరికి ఒక్క ఫిరంగి కూడా సరిగా తయారు కాలేదని టావెర్నియర్ రాశాడు. ఈ కథంతా 1676లో పారిస్‌లో అచ్చయింది. పుస్తకం చదివిన యూరప్‌వాళ్లకు మన కొండ పేరు అప్పుడే తెలిసింది. మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

కోట వాకిలి దాటి లోపలికి నడవండి. జనం చార్మినార్ అని పిలిచే పావురాల గోపురం, జైలు, ధాన్యాగారం, రాయల చెరువు వరుసగా పలకరిస్తాయి. జామియా మసీదు విశాలమైన ఆవరణలో నిలబడి చూస్తే మాధవరాయ స్వామి గుడి గోపురం కనిపిస్తుంది. ఆ గుడి దగ్గర ఎక్కువసేపు ఆగండి. విజయనగర శిల్పులు మండపం స్తంభాల మీద చేసిన పనితనం హడావుడిగా చూసేది కాదు. గర్భగుడిలో మూర్తి లేదు. కోటలోని ఇంకో గుడి, రంగనాథుడి గుడిలోనూ లేదు. చేతులు మారుతూ వచ్చిన ఈ కోటను 1791లో ఆంగ్లేయుల సేనాని కెప్టెన్ లిటిల్ టిప్పు సుల్తాను సేనల నుంచి పట్టుకున్నాడు. ఆ తర్వాత దీని రాజకీయ వైభవం ముగిసింది. ఊరు మాత్రం పోలేదు. కోటగోడల లోపల ఇప్పటికీ జనం కాపురాలున్నారు.

ఏథెన్స్‌లోని అక్రోపొలిస్ కథ కూడా ఇలాంటిదే. కొండమీద ఎథీనా దేవత గుడి పార్థెనాన్. అది కొన్నాళ్లు చర్చి అయింది, తర్వాత మసీదయింది. 1687లో టర్కులు అందులో మందుగుండు దాచినప్పుడు వెనీసు సేనల గుండు తగిలి పేలిపోయింది. ఆ గాయాలను గ్రీకులు దాచలేదు. 2009లో కొండ కింద పెద్ద మ్యూజియం తెరిచి, ఏ రాయి ఏ కాలానిదో వచ్చినవాళ్లకు విడమరిచి చెబుతున్నారు. గుడీ మసీదూ రెండూ నిలిచి ఉన్న గండికోటకు చెప్పుకోవడానికి అంతకన్నా తక్కువేం లేదు. చెప్పే ఏర్పాటే కావాలి. 2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందులో కొంతైనా ఒక చిన్న మ్యూజియానికీ, ఊళ్లోని యువతీయువకులకు గైడ్లుగా శిక్షణ ఇవ్వడానికీ ఖర్చవ్వాలి. లోయ అంచున విడిదులు కట్టినంత మాత్రాన రాజధాని కళ్లకు కనపడదు.

ప్రొద్దుటూరు నుంచి వచ్చేవాళ్లు జమ్మలమడుగు చేరితే అక్కడికి కోట 15 కిలోమీటర్లే. పులివెందులవాళ్లకు ముద్దనూరు మీదుగా దారి ఉంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మన ఎండల సంగతి తెలిసినవాళ్లు మే నెలలో ఆ రాళ్లమీద నడిచే సాహసం చేయరు. పొద్దున్నే వచ్చి ముందు ఊరు చూడండి, లోయకు సాయంత్రం వెళ్లండి. గోడల మీద పేర్లు గీకకండి. పిల్లలను వెంట తెచ్చి, కాలివేళ్ల మధ్య ఉత్తరాలు పెట్టుకున్న మీర్ జుమ్లా కథ అక్కడే, ఆ రాళ్ల మధ్య కూర్చోబెట్టి చెప్పండి.