అక్షరము ఒకటే, ఎవరి వ్రాత వారిది

చదువురానివానిని "వేలిముద్రగాడు" అని తీసిపారవేయడం మన గ్రామాలలో వాడుక. వేలిముద్ర అంత చులకనైనదేమీ కాదు. తల్లి గర్భములో ఆరు నెలలు నిండకముందే శిశువు వేళ్లమీద ఆ గీతలు ఏర్పడిపోతాయి. కవలలకు సైతం అవి కలియవు. బెంగాలులో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి 1858లోనే ఒప్పంద పత్రము మీద ఒక కాంట్రాక్టరు చేత అరచేతి ముద్ర వేయించుకొన్నాడు. ఏండ్ల తరబడి సున్నము, ఇటుక, పార పట్టిన చేతులలో మాత్రము ఆ గీతలు అరిగిపోతాయి. రేషను డిపో యంత్రము ముందు అటువంటి కూలివారు మళ్లీ మళ్లీ వేలు ఒత్తి ఇబ్బందిపడటం మనము చూస్తూనే ఉన్నాము.

వేలిముద్ర పుట్టుకతో వచ్చినది. చేతివ్రాత అలా కాదు, నేర్చుకొన్నది. అయినా అదీ మనిషికొక తీరుగానే ఉంటుంది. ఇదెలాగో ఆలోచించారా? పంతులుగారు ముప్పదిమంది పలకలమీద ఒకటే "అ" వ్రాసియిస్తారు. పిల్లలు దానిమీదనే బలపముతో దిద్దుతారు. దిద్దగా దిద్దగా అక్షరము లావెక్కి గుమ్మడికాయంత అవుతుంది. తుడిచి మరల వ్రాయించుకొంటారు. అందరి ముందున్న మాదిరి ఒక్కటే. కాని అయిదవ తరగతికి వచ్చేసరికి, పేరు చూడకుండానే ఇది ఫలానావాని వ్రాత అని ఆ పంతులుగారే చెప్పగలరు. ఒకని తలకట్టు కొడవలివలె వంగుతుంది. ఒకతె వరుసలు గట్టెక్కుతున్నట్లు పైకి పోతాయి. అభ్యాసము అందరినీ ఒకే అచ్చులో పోయలేదు. ఎవరి చేతిని వారికి అలవరచింది, అంతే.

అపొస్తలుడైన పౌలు పత్రికలు ఇతరుల చేత వ్రాయించేవాడు. రోమీయులకు పంపిన పత్రికను వ్రాసిన చేయి తెర్తియుది. అయినను చివరి వందనము తాను స్వహస్తముతో వ్రాసి, అదే తన పత్రికలకు గురుతని థెస్సలొనీకయులకు తెలిపాడు. గలతీయులకు వ్రాసినప్పుడు ఆయన అక్షరాలు చాల పెద్దవి. అందముగా ఉన్నాయో లేదో గాని, ఆయనవేనని పోల్చుకొనుటకు అవి చాలు.

పెద్దవయస్సులో చేయి తిరగదనే మాట కూడ నిజము కాదు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు పగలంతా కూలిపని చేసిన స్త్రీలు రాత్రివేళ పలక పట్టారు. వారి వాచకములో సారాయి వలన చితికిన సంసారాన్ని గురించిన పాఠమున్నది. దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటము జిల్లా అంతటా వ్యాపించింది. 1993లో రాష్ట్రమంతటా సారాయి నిషేధించబడింది. నాట్లు వేసిన చేతులే అక్షరాలు దిద్దాయి!

ఇక మన ఇండ్లకు వద్దాము. "అన్నవి ముత్యాలు, నీవి కోడి గెలికిన గీతలు" అని చిన్నవాణ్ణి ఎన్నిసార్లు అంటున్నాము? వ్రాత తేటగా ఉండాలనడము న్యాయమే, అది సాధనతో వస్తుంది. అన్నవ్రాతవలె ఉండాలనడము న్యాయము కాదు. సాధన కూడ కొద్దికొద్దిగా జరగాలి. ఆదివారము రాత్రి కూర్చోబెట్టి పది పేజీలు వ్రాయించేకంటె రోజూ అరపేజీ మేలు. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మను పండితుడు అర్థములేని అక్షరాల వరుసలను తానే వల్లెవేసి పరీక్షించుకొన్నాడు. వల్లెను కొన్ని దినములకు పంచితే తక్కువ శ్రమతో నిలుస్తుందని 1885లో ప్రకటించాడు.

మరి ఎడమచేతివాటము పిల్లల సంగతి? పదిమందిలో సుమారు ఒకరు అటువంటివారే. అది మొండితనము కాదు, దోషమూ కాదు. వేళ్లమీద కొట్టి బలపమును కుడిచేతికి మార్చే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. దెబ్బలకు జడిసి ఆ బిడ్డ చదువంటేనే ముఖము చాటేయవచ్చు. దానికి బదులు, కాగితము పై అంచు కాస్త కుడివైపుకు వాలేలా పెట్టండి. పెన్సిలు మొన దగ్గర కాక కొంచెము పైకి పట్టుకోమనండి, వ్రాసిన అక్షరము చేతి చాటున పడదు. దీపము కుడిప్రక్కన ఉంచండి. అప్పుడు వానికి తన చేతినీడ అడ్డురాదు.