రెండు ఫోనులలో ఏది కొనదగినది?

ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు అంగడిలో రెండు స్మార్టుఫోనుల ముందు నిలిచియున్నాడనుకొందము. కళాశాలలో చేరనున్న కుమార్తెకు మంచి ఫోను కొనియిచ్చెదనని ఆయన మాట యిచ్చినాడు. అందుకై రెండేండ్లుగా కూడబెట్టిన సొమ్ము ఒకదానికి మాత్రమే చాలును. ఒక ఫోనును గూర్చి '200 మెగాపిక్సెళ్లు' అని చెప్పుచున్నారు. మరియొకదానిని గూర్చి '3 నానోమీటర్ల చిప్పు' అని చెప్పుచున్నారు. వర్తకుడు రెంటిని పొగడును. కుమార్తె ఒకటి మేలనును. ఆమె స్నేహితురాలు మరియొకటి మేలనును. ఇందరి మాటలలో ఏది నమ్మదగినది? సంఖ్య పెద్దదైనంత మాత్రమున వస్తువు మేలైనదగునా?

ఈ ప్రశ్నకు సమాధానము అంగడిలో దొరకదు. ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రములో మాత్రము చాలవరకు దొరకును.

ఉదాహరణకు మిక్కిలి పేరు పొందిన రెండు ఫోనులను తీసికొందము. ఆపిల్ కంపెనీ వారి ఐఫోను 15 ప్రో మాక్స్ 2023 సెప్టెంబరులో వెలువడినది. సామ్‌సంగ్ కంపెనీ వారి గెలాక్సీ ఎస్24 అల్ట్రా 2024 జనవరిలో వెలువడినది. వెలువడిన నాడు మన దేశములో 256 గిగాబైట్ల నిలువ గల ఐఫోను వెల 1,59,900 రూపాయలు; అంతే నిలువ గల గెలాక్సీ వెల 1,29,999 రూపాయలు. ఆ పిమ్మట రెండు కంపెనీలును తరువాతి తరపు ఫోనులను విడుదల చేసినవి. ఐనను ఈ జంట పోలికకు అనువైనది. ఏలనన రెండును ఇంచుమించు ఒకే కాలమున పుట్టినవి, తమ తమ కంపెనీలలో నాడు అగ్రస్థానమున ఉన్నవి, పరిమాణములోను దగ్గరివే. వీనిని తూచుటకు నేర్చుకొన్నచో రేపు వచ్చు ఫోనులను గూడ అదే త్రాసులో తూచవచ్చును.

కెమెరా: 200 పెద్దదా, 48 పెద్దదా?

గెలాక్సీ ముఖ్య కెమెరాలో 200 మెగాపిక్సెళ్లు, అనగా 20 కోట్ల కాంతి గ్రాహక గదులు కలవు. ఐఫోనులో 48 మెగాపిక్సెళ్లు మాత్రమే. చూచుటకు ఒకటి మరియొకదానికి నాలుగు రెట్లున్నది. కాని ఆ గదుల కొలతను గూడ అడుగవలెను.

గెలాక్సీలో ఒక్కొక్క గది వెడల్పు 0.6 మైక్రోమీటరు. అడ్డముగా 16,320 గదులున్నవి. రెంటిని గుణించినచో ఆ ఫలకము వెడల్పు సుమారు 9.8 మిల్లీమీటర్లగును. ఐఫోనులో గది వెడల్పు 1.22 మైక్రోమీటర్లు. అడ్డముగా 8,064 గదులున్నవి. గుణించినచో వచ్చునది మరల 9.8 మిల్లీమీటర్లే. అనగా రెండు కెమెరాలలోను వెలుతురు పడు పొలము ఒక్కటే. ఒకరు దానిని చిన్న మడులుగా చేసినారు. మరియొకరు పెద్ద మడులుగా చేసినారు. పొలము పెరుగనిదే దానిపై పడు వాన పెరుగదు గదా!

చిన్న గదిలో పడు కాంతి తక్కువ. కావున మసక వెలుతురులో గెలాక్సీ పదునారు గదులను ఒక్కటిగా కలిపి, 12 మెగాపిక్సెళ్ల చిత్రమును తయారుచేయును. అపుడా గది వెడల్పు 2.4 మైక్రోమీటర్లు. ఐఫోను నాలుగు గదులను కలుపును. అపుడు వెడల్పు 2.44 మైక్రోమీటర్లు. రెండును ఒకే చోటికి వచ్చి నిలిచినవి.

మంచి వెలుతురులో చిన్న గదులవలన ప్రయోజనము లేదా? కొంత కలదు. కాని దానికి కాంతి స్వభావమే ఒక హద్దు పెట్టుచున్నది. ఒక నక్షత్రమును ఎంత శ్రేష్ఠమైన కటకముతో చూచినను, దాని బింబము బిందువుగా ఏర్పడదు. వివర్తనము వలన చిన్న వలయముగా వ్యాపించును. ఆ వలయపు వ్యాసము తెలిసికొనుటకు కాంతి తరంగ దైర్ఘ్యమును, నాభ్యంతరమును ద్వార వ్యాసముచే భాగింపగా వచ్చిన సంఖ్యను, 2.44ను గుణింపవలెను. ఆకుపచ్చ కాంతి తరంగ దైర్ఘ్యము 0.55 మైక్రోమీటరు, గెలాక్సీ కటకపు సంఖ్య 1.7. లబ్ధము సుమారు 2.3 మైక్రోమీటర్లు. కావున ఒక్క బిందువు యొక్క కాంతి దాదాపు నాలుగు గదుల వెడల్పున పరచుకొనును. ప్రక్కప్రక్కనున్న గదులు చాలవరకు ఒకే వార్తను చెప్పుచుండును. అదియునుగాక, గదుల సంఖ్య నాలుగు రెట్లయినపుడు పొడవున చూడగల సూక్ష్మత హెచ్చినను రెండు రెట్లే హెచ్చును. ఇన్నిటిని లెక్కించినచో 200కును 48కిని గల భేదము చాల తగ్గిపోవును.

నిజమైన భేదము మరియొక చోట కలదు. దూరపు వస్తువులను దగ్గర చేయుటకు రెంటికిని ఐదు రెట్ల కటకము కలదు. ఫోను మందము ఎనిమిది మిల్లీమీటర్లకు కొంచెము పైన మాత్రమే. దీర్ఘ నాభ్యంతరము గల కటకము అందులో నిలువుగా పట్టదు. కావున గెలాక్సీలో పట్టకము కాంతిని మలుపు త్రిప్పి ఫోను వెంబడి పంపును. ఐఫోనులో కాంతి గాజు దిమ్మెలో నాలుగుమార్లు పరావర్తనము చెంది ఫలకమును చేరును. దీనికి తోడు గెలాక్సీలో మూడు రెట్ల కటకము వేరుగా కలదు, ఐఫోనులో లేదు. ఈ తేడా ప్రకటనలలో పెద్ద అక్షరములలో కనబడదు గాని, వాడువానికి తెలియును.

తెర: కంటికి గల హద్దు

ఐఫోను తెరపై అంగుళమునకు 460 పిక్సెళ్లు. గెలాక్సీ తెరపై సుమారు 505. ఒక్కొక్క పిక్సెలు వెడల్పు మొదటిదానిలో 0.055 మిల్లీమీటరు; రెండవదానిలో 0.050 మిల్లీమీటరు.

ఆరోగ్యవంతమైన మానవనేత్రము ఒక డిగ్రీలో అరువదవ వంతు కోణమును మాత్రమే విడదీసి చూడగలదు. ఫోనును కంటికి 30 సెంటీమీటర్ల దూరమున పట్టుకొన్నచో ఆ కోణము 0.087 మిల్లీమీటరు పొడవునకు సరిపోవును. రెండు ఫోనుల పిక్సెళ్లును దానికంటె చిన్నవే. కావున 460కిని 505కును గల తేడాకు వెల చెల్లించువాడు తనకు కనబడని దానికి చెల్లించుచున్నాడు.

వెలుగులో మాత్రము తేడా కలదు. ఎండలో ఐఫోను తెర చదరపు మీటరునకు 2,000 కాండెలాల వరకు, గెలాక్సీ తెర 2,600 వరకు వెలుగునని కంపెనీలు ప్రకటించినవి. ఐనను కన్ను వెలుగును నిష్పత్తి ప్రకారము గ్రహించునది కాదు. 30 శాతము హెచ్చిన వెలుగు 30 శాతము హెచ్చినట్లు తోచదు. ఇంతకంటె ముఖ్యమైనది గెలాక్సీ గాజు. అది ప్రతిబింబములను 75 శాతము వరకు తగ్గించునని కంపెనీ వారి మాట. ఇది అంగడి దీపముల క్రింద తేలు విషయము కాదు. వాకిట ఎండలో నిలిచి చూడవలెను.

చిప్పు: నానోమీటరు అను పేరు

ఐఫోనులోని ఏ17 ప్రో చిప్పును 3 నానోమీటర్ల పద్ధతిలో చేసినారు. అందు 1,900 కోట్ల ట్రాన్సిస్టర్లున్నవి. గెలాక్సీలోని స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3 చిప్పు 4 నానోమీటర్ల పద్ధతికి చెందినది. రెంటిని తయారుచేసినది తైవాన్ దేశపు టీఎస్ఎంసీ కంపెనీయే.

'3 నానోమీటర్లు' అనగా ట్రాన్సిస్టరు పొడవు అంతయే అని పలువురు తలచుచున్నారు. అది నిజము కాదు. మూడు నానోమీటర్ల దూరములో సిలికాను పరమాణువులు పండ్రెండు పదమూడు మాత్రమే పట్టును. నిజమునకు ఈ చిప్పులలో ఒక ట్రాన్సిస్టరు ద్వారమునుండి తరువాతి దాని ద్వారమునకు గల దూరము 40 నానోమీటర్లకు పైబడియే యుండును. పూర్వమొకప్పుడు ఈ సంఖ్య నిజమైన కొలతయే. ఇప్పుడది తరమునకు పెట్టిన పేరుగా మిగిలినది. కొత్త తరములో అదే పనికి విద్యుత్తు తక్కువ పట్టునన్న మాట నిజమే. కాని పాఠములు చదువుటకు, ఉత్తరములు వ్రాయుటకు, వీడియో చూచుటకు రెండును అవసరమునకు మించిన వేగము గలవే.

బ్యాటరీ, లోహము

గెలాక్సీ బ్యాటరీ 5,000 మిల్లీ ఆంపియరు గంటలు. ఇది విద్యుదావేశమునకు కొలత గాని శక్తికి కొలత కాదు. శక్తి తెలియవలెనన్నచో వోల్టులచే గుణింపవలెను. సుమారు 3.9 వోల్టుల చొప్పున 5 ఆంపియరు గంటలకు 19.5 వాట్ గంటలగును. పది వాట్ల దీపము రెండు గంటలు వెలుగుటకు కావలసిన శక్తి యింతే! ఆపిల్ వారు ఈ ఫోను విడుదలలో ఆవేశమును ప్రకటింపలేదు. గంటలను మాత్రము ప్రకటించినారు. నిలువచేసిన వీడియోను ఐఫోను 29 గంటల వరకు, గెలాక్సీ 30 గంటల వరకు చూపునని ఆయా కంపెనీల ప్రకటన. ఎవరి పరీక్ష పద్ధతి వారిది గనుక ఈ ఒక్క గంట తేడాను పట్టించుకొననక్కరలేదు.

రెండు ఫోనుల చట్రములును టైటానియముతో చేసినవే. ఈ లోహము ఉక్కుకంటె తేలిక, అల్యూమినియముకంటె బరువు. కావుననే ఉక్కు చట్రము గల ఐఫోను 14 ప్రో మాక్స్ 240 గ్రాములుండగా, దాని తరువాతిది 221 గ్రాములకు దిగినది. సామ్‌సంగ్ వారు అల్యూమినియము విడిచి టైటానియము పట్టినారు. ఎస్23 అల్ట్రా 234 గ్రాములుండగా ఎస్24 అల్ట్రా 232 గ్రాములైనది. ఒకే లోహము ఒకచోట బరువు బాగుగ తగ్గించినది. మరియొకచోట దాదాపు తగ్గింపలేదు. విద్యార్థులు సాంద్రత పాఠమునకు ఇంతకంటె మంచి ఉదాహరణమును వెదకనక్కరలేదు.

ఏడాదికి ఎంత?

ఫోను చెడిపోకున్నను ముసలిదగును. కంపెనీ పంపు భద్రతా సవరణలు ఆగిపోయిన నాటినుండి అందులో బ్యాంకు లావాదేవీలు జరుపుట క్షేమము కాదు. ఎస్24కు ఏడు సంవత్సరములు సవరణలు పంపెదమని సామ్‌సంగ్ వారు మాట యిచ్చినారు. ఐఫోను 15 ప్రో మాక్స్‌కు కనీసము ఐదు సంవత్సరములని ఆపిల్ వారు 2024లో బ్రిటనులో ప్రకటించినారు. ఆచరణలో అంతకంటె హెచ్చుకాలము పంపుట వారి అలవాటు. 2018 నాటి ఐఫోను ఎక్స్‌ఎస్‌కు 2024లో గూడ కొత్త ఐఓఎస్ అందినది.

వెలను వాడు సంవత్సరములచే భాగించి చూడుడు. నాలుగేండ్లు వాడినచో ఐఫోనుకు ఏటికి 39,975 రూపాయలు. గెలాక్సీకి సుమారు 32,500. ఆరేండ్లు వాడినచో వరుసగా 26,650, 21,667. ఏ ఫోను కొన్నను, రెండేండ్లు అదనముగా వాడుట వలన కలుగు లాభము రెండు ఫోనుల మధ్యనున్న తేడాకంటె పెద్దది. నడుమ బ్యాటరీ ఒకమారు మార్పింపవలసి రావచ్చును. అదియు ఖర్చులో చేర్పవలెను. మరమ్మతు చేయు కేంద్రము తమ ఊరికి ఎంత దూరమో గూడ విచారింపవలెను.

త్రాసు ఎటు మొగ్గినది?

కొట్టివేయదగిన సంఖ్యలను కొట్టివేయగా మిగిలిన భేదములు కొన్నియే. గెలాక్సీకి వ్రాయుటకు కలము కలదు, మూడు రెట్ల కటకము కలదు, ప్రతిబింబము తక్కువ, వెలువడిన నాటి వెల దాదాపు ముప్పదివేలు తక్కువ. ఐఫోను తేలిక. ఇంటిలో ఆపిల్ వారి కంప్యూటరు ముందే యున్నవారికి దానితో కలిసిమెలసి పనిచేయును. ఛార్జరు విషయములో పూర్వమున్న పేచీ తీరినది. 2023 నుండి ఐఫోనుకును టైప్-సి తీగయే. పటములు గీయుచు, సమీకరణములు వ్రాయుచు చదువు విద్యార్థినికి ఈ రెంటిలో గెలాక్సీయే తగినదని చెప్పవచ్చును.

కాని మన ఉపాధ్యాయుడు మూడవ ప్రశ్న యొకటి వేసికొనవలసి యున్నది. ఆయన కుమార్తెకు కెమెరాతో ముఖ్యమైన పని నల్లబల్లపై పాఠమును చిత్రించుట. నల్లబల్ల వెడల్పు నాలుగు మీటర్లనుకొందము. 12 మెగాపిక్సెళ్ల చిత్రమునకు అడ్డముగా 4,000 పిక్సెళ్లుండును. అనగా ఒక్కొక్క పిక్సెలునకు ఒక మిల్లీమీటరు బల్ల వచ్చును. సుద్దముక్క గీత మందము మూడు మిల్లీమీటర్లకు తక్కువ యుండదు. కావున 12 మెగాపిక్సెళ్ల కెమెరా ఆ వ్రాతను స్పష్టముగా పట్టగలదు. ఈ అగ్రశ్రేణి ఫోనుల వెలలో నాల్గవ వంతునకు దొరకు ఫోనులలో గూడ ఇంతపాటి కెమెరా కలదు. చెట్టు చివరనున్న పక్షిని చిత్రించువారికి, చలనచిత్రములు తీయువారికి పెద్ద ఫోను పెట్టుబడి వంటిది. ఇతరులకు అది ముచ్చట. ముచ్చటయు తప్పు కాదు. కాని ముచ్చట యెంతో, అవసరమెంతో తెలిసి చెల్లింపవలెను. మిగిలిన సొమ్ము కళాశాల జీతమునకు, పుస్తకములకు సరిపోవచ్చును.

తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేసి చూడవచ్చును. తెల్లని పుట తెరచియున్న ఫోను తెరపై వ్రేలి కొనతో ఒక సన్నని నీటిచుక్క నుంచుడు. చుక్క కుంభాకార కటకమువలె పనిచేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలి చుక్కలను చూపును. చుక్కను తుడిచివేసినచో మరల తెలుపే కనబడును. ఇది లక్ష రూపాయల ఫోనులోను, పదివేల రూపాయల ఫోనులోను కనబడు దృశ్యమే.