కనరాని చిల్లు

కారణం లేనిదే కార్యం లేదు. అయితే కార్యం కంటికి కనబడుతూ, కారణం మాత్రం మరుగున ఉండిపోయే సందర్భాలు నిత్యజీవితంలో ఎన్నో ఎదురవుతాయి. అటువంటప్పుడు తొందరపడి ఒక నిర్ణయానికి రాక, ఒక్కొక్క ఆధారాన్నీ పరీక్షించుకుంటూ అసలు కారణాన్ని చేరుకోవడమే వివేకం. పాత కారు రేడియేటర్‌లోని నీరు ఎటు పోతున్నదో తెలియకుండా తగ్గిపోవడం ఇందుకు చక్కని ఉదాహరణ.

మంచిర్యాల నుండి చంద్రపూర్ వెళ్లే జాతీయ రహదారిపై ఉన్న మందమర్రి సింగరేణి బొగ్గుగనుల పట్టణం. పూర్వం ఆదిలాబాద్ జిల్లాలో ఉండిన ఈ ఊరు 2016లో ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో చేరింది. వేసవిలో ఇక్కడి ఎండ తీవ్రత అందరికీ తెలిసినదే. ఈ పట్టణంలో కిరాయికి తిరిగే ఒక పాత అంబాసిడర్ కారును ఊహించుకుందాం. ఆ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయింది. కనుక నేడు రోడ్డు మీద కనిపించే ప్రతి అంబాసిడరూ వయసు మళ్లినదే. ఆ కారే దాని యజమానికి జీవనాధారం. వారం తిరిగేసరికి రేడియేటర్‌లో లీటరు నీరు తగ్గుతున్నది. కారు నిలిపిన చోట నేల మాత్రం పొడిగానే ఉంటున్నది. ఇంజిన్ లోపల గ్యాస్కెట్ పోయిందని ఒకరు, రేడియేటరే మార్చాలని మరొకరు చెబుతున్నారు. రెండూ ఖర్చుతో కూడిన పనులే. పొరపాటు పడితే డబ్బూ పోతుంది, జబ్బూ మిగులుతుంది.

ఇంజిన్‌లో మండే ఇంధనం నుండి వెలువడే వేడిలో స్థూలంగా మూడోవంతు మాత్రమే బండిని నడిపే శక్తిగా మారుతుంది. మిగిలిన వేడిలో కొంత పొగగొట్టం ద్వారా పోతుంది. మరికొంత ఇంజిన్ గోడలలో నిలుస్తుంది. దానిని తొలగించేదే కూలెంట్. వాటర్ పంపు ఈ ద్రవాన్ని ఇంజిన్ చుట్టూ తిప్పుతుంది. వేడెక్కిన ద్రవం రేడియేటర్ సన్నని గొట్టాలలో ప్రవహిస్తూ గాలికి చల్లబడి తిరిగి ఇంజిన్‌ను చేరుతుంది. రేడియేటర్ మూత కేవలం మూత కాదు. లోపలి పీడనాన్ని నిలిపి ఉంచే సాధనం. పీడనం పెరిగితే ద్రవం మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. వాతావరణ పీడనానికి రెట్టింపు పీడనంలో నీరు 100 డిగ్రీల వద్ద కాక, సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. అందువల్ల ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూత తీయడం ప్రమాదకరం. పీడనం ఒక్కసారిగా తగ్గి, మరుగునీరు ఆవిరితో సహా ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఏ పరీక్షకైనా ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాతే పూనుకోవాలి.

కనిపించే గుర్తును బట్టి కనిపించని వస్తువును తెలుసుకోవడాన్ని మన తార్కికులు అనుమాన ప్రమాణం అన్నారు. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహంలో, కొండపై పొగను చూసి అక్కడ నిప్పు ఉన్నదని గ్రహించడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. గుర్తు సరైనదైతేనే నిర్ణయం సరైనదవుతుంది. హేతువులా కనబడుతూ హేతువు కానిదాన్ని హేత్వాభాసం అంటారు. వేసవిలో ఏసీ వేసుకుని తిరిగిన కారు కింద నీటి మడుగు కనబడితే అది కూలెంట్ అని భయపడటం ఇటువంటిదే. ఏసీ నుండి కారేది గాలిలోని తేమ. దానికి రంగు, వాసన, జిగురు ఉండవు. కూలెంట్‌కు సాధారణంగా ఆకుపచ్చ, ఎరుపు వంటి రంగు, కొద్దిగా తీపి వాసన, వేళ్లకు అంటుకునే జిడ్డు ఉంటాయి.

అన్వేషణలో మొదటి మెట్టు కంటితో చూడటం. రాత్రి కారు కింద తెల్లని అట్ట పరిస్తే ఒక్క చుక్క పడినా చోటు తెలుస్తుంది. హోస్ పైపుల పగుళ్లు, క్లిప్పుల బిగువు, రేడియేటర్ అతుకులు వరుసగా చూడాలి. తడి ఆరిపోయినా, ద్రవంలోని లవణాలు, రంగు ఆ చోట చారికగా మిగులుతాయి. కారులో హీటరు ఉంటే, ముందు సీటు కింది చాప తడిసిందేమో, అద్దంపై లోపలివైపు జిడ్డుపొర పట్టిందేమో చూడాలి.

రెండవ మెట్టు పీడన పరీక్ష. చల్లారిన రేడియేటర్‌కు చేతిపంపు బిగించి, మూతపై ముద్రించిన పరిమితిని మించకుండా గాలి ఎక్కిస్తారు. పంపు మీది ముల్లు కదలక నిలిస్తే వ్యవస్థ దృఢంగా ఉన్నట్టు. మెల్లగా దిగితే ఎక్కడో చిల్లు ఉన్నట్టు. మూతను విడిగా పరీక్షించడం మరువరాదు. బలహీనపడిన మూత నుండి నీరు ఆవిరిగా పోయినా నేల తడవదు.

మూడవ మెట్టు లోపలి లీకేజీని పరిశీలించడం. ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా సైలెన్సర్ నుండి తెల్లని పొగ ఆగకుండా వస్తుంటే, ఇంజిన్ ఆయిల్ పాలు కలిసినట్టు మారితే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. కొండమీది పొగ నిప్పును తెలిపితే ఈ పొగ నీటిని తెలుపుతుంది. చలికాలపు ఉదయాన మొదట కొద్దిసేపు వచ్చే తెల్లపొగ మాత్రం సహజమైన తేమే.

మన అంబాసిడర్‌లో తెల్లపొగ లేదు, ఆయిల్ శుభ్రంగా ఉన్నది. కనుక గ్యాస్కెట్ వాదం నిలవదు. పీడన పరీక్షలో ముల్లు మాత్రం దిగింది. దీపం పట్టి వెదకగా వాటర్ పంపు అడుగున ఉన్న సన్నని రంధ్రం వద్ద ఒక చుక్క మెరిసింది. పంపులోని సీలు అరిగితే నీరు బేరింగులోకి చేరకుండా బయటికి పోవడానికే ఆ రంధ్రాన్ని ఏర్పరచారు. పీడనం ఉన్నప్పుడు చుక్క పడుతున్నది. పీడనం తీసివేస్తే ఆగుతున్నది. తార్కికులు అన్వయ వ్యతిరేకాలు అన్నది దీనినే. బండి నడిచేటప్పుడు కారిన నీరు వేడి లోహం మీద, ఫ్యాను గాలికి ఆరిపోతున్నది. బండి ఆగి చల్లబడేసరికి పీడనం తగ్గి కారడమే ఆగిపోతున్నది. నేల పొడిగా ఉండటంలోని రహస్యం అదే. మార్చవలసింది పంపు ఒక్కటే.

చిల్లు పూడుతుందని కొందరు రేడియేటర్‌లో పసుపు వేస్తారు. నడిదారిలో అది అక్కరకు రావచ్చు గాని, ఆ పొడి సన్నని గొట్టాలలో పేరుకుంటే ప్రవాహానికే అడ్డు తగులుతుంది. ఎప్పటికప్పుడు నీరు పోసి సరిపెట్టుకోవడమూ చికిత్స కాదు. బోరునీటిలోని లవణాలు లోపల చెక్కుగా గడతాయి. ఏదో ఒక మధ్యాహ్నం నీరు పూర్తిగా తగ్గితే ఇంజిన్ హెడ్డు వంగిపోయి, చిన్న మరమ్మతుతో పోయేది పెద్ద నష్టంగా పరిణమిస్తుంది. కారిన కూలెంట్‌ను నేలపై వదిలివేయడం కూడా తగదు. అందులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తీపి, గుణానికి విషం. కుక్కలు, పశువులు, పసిపిల్లలు దాన్ని తాకకుండా వెంటనే శుభ్రం చేయాలి.

అనుభవజ్ఞుడైన మెకానిక్ పనితనం పానా తిప్పడంలో కంటె ముందు ప్రశ్న వేయడంలో ఉంటుంది. నీరు ఎప్పుడు తగ్గుతున్నది? ఎంత తగ్గుతున్నది? ఏ స్థితిలో తగ్గడం లేదు? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం దొరికిన తరువాతే అతడు బోల్టు విప్పుతాడు. అందుకే అతడు విప్పిన చోటే దోషం ఉంటుంది.