కనరాని గాయము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై, నల్లగొండ జిల్లాలో నార్కట్‌పల్లి కలదు. అద్దంకికి పోవు మార్గము ఇచ్చటనే చీలును. రేయింబవళ్లు వాహనములు పరుగులిడు ఈ చోట 1999లో కామినేని వైద్య కళాశాలయు, దానితో ఆసుపత్రియు వెలసినవి.

ప్రమాదమున కంటికి కనబడు గాయమే పెద్దదని తలంపరాదు. పైన గీతయైన లేకున్నను, లోపల ప్లీహము చిట్లి పొట్ట నెత్తుటితో నిండుచుండవచ్చును. కోయకయే దానిని చూచుటెట్లు?

1895లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొనెను. అవి మాంసమును సులువుగా దాటును. ఎముక వానిని చాలవరకు అడ్డగించును. అందుచే చిత్రమున విరిగిన ఎముక స్పష్టముగా కనబడును. మెదడులోని రక్తస్రావము మాత్రము అందు తెలియదు. ఆ కొరతను తీర్చినది ఆంగ్లేయుడగు హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సి.టి. యంత్రము. 1971లో అది తొలిసారి ఒక రోగి తలను పరీక్షించెను. పలు దిక్కుల నుండి కిరణములను పంపి, కంప్యూటరు సాయమున అది శరీరమును పొరలుపొరలుగా చూపును. పొట్టలోని నెత్తురును కనుగొనుటకు రోగి మంచము చెంతనే అల్ట్రాసౌండు పరీక్ష చేయుదురు. ధ్వని తరంగముల ప్రతిధ్వనులే అందు చిత్రమగును. ప్రతిధ్వని నీయని నెత్తురు నల్లగా కనబడును.

అయినను చిత్రముకంటె ప్రాణము ముందు. వైద్యులు మొదట శ్వాసను నిలిపి, కారు నెత్తురును ఆపుదురు. రక్తపోటు పడిపోవుచు, పొట్టలో నెత్తురు కనబడిన రోగిని సి.టి. గదికి పంపక తిన్నగా శస్త్రచికిత్సకు కొనిపోవుదురు.

మెడ ఎముక విరిగినదో లేదో పైకి చూచి ఎవరును చెప్పజాలరు. కావున, బాలలారా! దారిలో పడియున్న వానిని లాగి కూర్చుండబెట్టకుడు. మెడ కదలనీయక, వెంటనే 108కి ఫోను చేయుడు.