పులిపిరి సంగతులు

పులిపిరికి వేళ్లుంటాయని, మొదలంటా పీకితే గానీ పోదని చాలామంది నమ్మకం. దానికి వేళ్లే లేవు. చర్మం పైపొరలోనే పెరుగుతుంది. గీరినప్పుడు కనిపించే నల్లచుక్కలు రక్తం గడ్డకట్టిన సన్నటి నాళాలు.

ఇదంతా హెచ్‌పీవీ అనే వైరస్ పని. ఇటలీ వైద్యుడు జుసెప్పె చూఫో 1907లో పులిపిరి నూరి, బాక్టీరియా సైతం దూరలేని వడపోతలో వడగట్టి, ఆ ద్రవంతోనే మళ్లీ పులిపిరి మొలిపించాడు.

అరికాల్లో లేచింది ఆనెకాయా, పులిపిరా? పైనుంచి నొక్కితే నొప్పి పుట్టేది సాధారణంగా ఆనె. రెండు పక్కలా గిల్లినట్టు పట్టుకుంటే ప్రాణం విలవిల్లాడేది పులిపిరి. చర్మం గీతలు ఆనె మీదుగా సాగిపోతాయి, పులిపిరి దగ్గర తెగిపోతాయి.

పులిపిరి పోగొట్టడానికి సున్నం-సోడా, జీడిరసం జోలికి పోవద్దు. పుండు పడుతుంది, మచ్చ మిగులుతుంది. మందులషాపులో దొరికే సాలిసిలిక్ యాసిడే నయం. అయిదు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డ పొరను ఆకురాయితో అరగదీసి, చుట్టూ వాజలిన్ పూసి, పులిపిరి మీద మాత్రమే మందు చుక్క వేయాలి. రోజూ, దాదాపు మూడు నెలలు. పదిరోజులకే విసుగుపుట్టి మానేసి, మందు పనిచేయలేదనేవాళ్లే ఎక్కువ! ఆ ఆకురాయి ఇంకెక్కడా వాడకూడదు. ముఖం మీద, మర్మావయవాల మీద ఈ మందు వద్దు. షుగరున్నవాళ్లు పాదాలకు సొంతవైద్యం చేసుకోకూడదు.

డాక్టర్లు పులిపిరిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారు. మన చామనచాయ ఒంటిమీద ఆ చోట తెల్లమచ్చ పడొచ్చు. ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక పులిపిరి తీసేటప్పుడు నొప్పి తెలియకుండా వాడే తిమ్మిరి మందు. లిడోకెయిన్‌ని 1943లో స్వీడన్‌లో తయారుచేశారు. అదీ, ప్రిలోకెయిన్ అనే మరో మందూ విడివిడిగా పొడులే. తగిన పాళ్లలో కలిపితే మాత్రం గది వేడికే కరిగి నూనెలా అవుతాయి. తిమ్మిరి క్రీము కిటుకు అదే. పూసి, పైన ప్లాస్టిక్ పొర కప్పి, గంటసేపు ఆగాలి. పూసిన పది నిమిషాలకే సూది గుచ్చితే నొప్పి నొప్పే. తమాషా ఏమిటంటే, పులిపిర్లు తరచుగా లేచే అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం మందం కాబట్టి ఈ క్రీము అక్కడ సరిగా దిగదు. పసిపిల్లలకు డాక్టరు చెప్పకుండా అసలు పూయకూడదు. ప్రిలోకెయిన్ వల్ల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గొచ్చు.

మత్తుసూది మంట తగ్గించడానికి డాక్టర్లు అందులో కాస్త సోడియం బైకార్బొనేట్ కలుపుతారు. అది వంటసోడా సరుకే, శుద్ధిచేసింది.

అన్నిటికన్నా వింత: మన దేశంలో కొందరు చర్మవైద్యులు రోగి పులిపిరిలోంచే చిన్న ముక్క కోసి, ముంజేతి చర్మం కింద పాతిపెడతారు. అప్పుడు ఒంట్లోని రోగనిరోధక శక్తి మేలుకుని, కొందరిలో మిగతా పులిపిర్లన్నీ వాటంతటవే రాలిపోతాయి.