క్లౌడ్ సర్వర్ల ఆరంభంలో సేవల క్రమం: కల్వకుర్తి ఎత్తిపోతల సాదృశ్యంతో ఒక వివరణ

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుండి ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పాఠకులకు ఎత్తిపోతల క్రమం సుపరిచితమే. మహాత్మా గాంధీ కల్వకుర్తి పథకంలో శ్రీశైలం వెనుక జలాలు ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టుల వద్ద మూడంచెలుగా పైకి చేరుతాయి. నడిమి జలాశయంలో నీరు లేనప్పుడు పై అంచె మోటారు తిప్పి ప్రయోజనం లేదు. లినక్స్ సర్వరు ఆరంభంలోనూ సమస్య ఇటువంటిదే.

పూర్వపు సిస్టమ్-వి పద్ధతిలో సేవలు సంఖ్యల వరుసలో ఒక్కొక్కటిగా మొదలయ్యేవి. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ ప్రారంభించిన సిస్టమ్‌డి వరుసకు బదులు సంబంధాలను చూస్తుంది. సంబంధం లేనివాటిని ఏకకాలంలో లేపుతుంది. వేగం పెరిగింది, పొరపాటుకు చోటూ పెరిగింది.

అధిక శాతం గందరగోళం రెండు నిర్దేశాల వద్దనే పుడుతుంది. 'రిక్వైర్స్' అవసరాన్ని మాత్రమే తెలుపుతుంది; అది ఒక్కటే ఉంటే రెండు సేవలూ ఒకేసారి మొదలవుతాయి. 'ఆఫ్టర్' క్రమాన్ని మాత్రమే తెలుపుతుంది. ముందుండవలసిన సేవను అది పిలువదు. డేటాబేసు మీద ఆధారపడిన అనువర్తనానికి సాధారణంగా రెండూ రాయాలి. రాసినా చాలకపోవచ్చు. 'సింపుల్' రకపు సేవ ప్రక్రియ పుట్టగానే మొదలైనట్లు లెక్క. 'నోటిఫై' రకపు సేవ సిద్ధమయ్యానని తానే కబురు పంపుతుంది. మోటారు తిరగడం వేరు, నీరు చేరడం వేరు. ముప్పై సెకన్లు ఆగమని రాసే అలవాటు కొందరికి ఉంది. అది పరిష్కారం కాదు, జూదం.

క్లౌడ్‌లో మరో చిక్కు ఉంది. సర్వరు తన పేరు, తాళంచెవులు, ఆకృతీకరణ వంటివాటిని పుట్టిన తరువాతనే తెలుసుకుంటుంది. క్లౌడ్-ఇనిట్ ఈ పనిని దశలవారీగా చేస్తుంది. పలు క్లౌడ్‌లలో 169.254.169.254 చిరునామా నుండి వివరాలు తెచ్చుకుంటుంది. కనుక నెట్‌వర్క్ నిజంగా అందాలి. 'నెట్‌వర్క్' అనే లక్ష్యం ఆ హామీ ఇవ్వదు. 'నెట్‌వర్క్-ఆన్‌లైన్' లక్ష్యాన్ని 'వాంట్స్', 'ఆఫ్టర్' రెండింటితో కోరాలి.

అతి జాగ్రత్తా ప్రమాదమే. క్లౌడ్-ఇనిట్ చివరి దశ 'మల్టీ-యూజర్' లక్ష్యం తరువాత నడిచే పంపిణీలలో, ఆ లక్ష్యానికే చెందిన సేవను చివరి దశ తరువాత మొదలవ్వాలని రాస్తే వలయం ఏర్పడుతుంది. దాన్ని తెంచడానికి సిస్టమ్‌డి ఒక పనిని జాబితా నుండి తొలగిస్తుంది. సర్వరు లేస్తుంది, సేవ మాత్రం ఉండకపోవచ్చు. కారణం లాగ్‌లో ఒక్క పంక్తిగా మిగులుతుంది.

ఆపివేసేటప్పుడు క్రమం తలకిందులవుతుంది. 'ఆఫ్టర్' సరిగా రాసి ఉంటే అనువర్తనం ముందు ఆగి, డేటాబేసు తరువాత ఆగుతుంది. చివరి నమోదు డేటాబేసుకు చేరే వ్యవధి అప్పుడే దొరుకుతుంది.