పెంపుడు పాములకు పట్టు నల్లి

నేటి ప్రసంగవిషయము మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. పామునకు మ్రొక్కుట యెఱుగుదుము. పామును చూచి తొలగిపోవుట యెఱుగుదుము. పామును ఇంటిలో పెంచి, దాని మేనికి పట్టిన పురుగును వదలించుట మన యూళ్లలో వినని మాట. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశపు పాములను అనుమతి లేక పట్టుటను, పెంచుటను నిషేధించినది. కాని అమెరికా, ఇంగ్లండు, జర్మనీ మున్నగు దేశములలో పాములను అద్దపు పెట్టెలలో ఉంచి మక్కువతో పెంచువారు పెక్కుమంది కలరు. ఆ దేశములలో స్థిరపడిన మన బిడ్డల ఇండ్లకు పోయిన వారు ఇట్టి పెట్టెను ఎచ్చటనైనను చూడవచ్చును. మఱియు ఈ పురుగు నడవడి తెలిసికొన్నచో మన కోళ్లగూటిలోని యొక బాధకు ఉపాయము తెలియును. అందువలన ఈ విషయమును ఎంచుకొంటిని.

నల్లి యనగానే మనకు మంచపు నల్లి జ్ఞప్తికి వచ్చును. అది ఆఱు కాళ్ల పురుగు, ఇది వేఱు. మిరపతోటలో ఆకును ముడుచు నల్లియు, పశువుల చెవులను పొదుగును కఱచి పట్టుకొను పిడుదును, సాలెపురుగును దీనికి జ్ఞాతులు. ఎదిగిన పిమ్మట వీనికి ఎనిమిది కాళ్లుండును. పామునల్లిని 1844లో జర్వే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వర్ణించెను. ఓఫియోనిసస్ నాట్రిసిస్ అనునది దాని శాస్త్రనామము. ఆకలితో నున్నపుడు ఇది అర మిల్లీమీటరుకు కొంచె మెక్కువగా నుండును. రక్తము త్రాగి ఉబ్బినపుడు మిల్లీమీటరును మించి, నల్లని గసగసగింజవలె కనబడును.

పాము తన బాధను కూతపెట్టి చెప్పజాలదు. కావున పెంచువాడే గుర్తుపట్టవలెను. నల్లి పట్టిన పాము త్రాగునీటి తొట్టిలో గంటలకొలది మునిగి పడియుండును. ఆ నీటి యడుగున నల్లని నలుసులు చేరును. పాము తన మేనిని రాతికి, చెక్కకు రాచుకొనును, మేత మానును, కుబుసము చక్కగా ఊడక తునుకలుగా నిలిచిపోవును. పొలుసులపై తెల్లని దుమ్మువంటిది కనబడును. అది నల్లి విసర్జించిన మలినము. పామునకు కనుఱెప్పలు లేవు. కంటిని ఒక పారదర్శకమైన పొలుసు కప్పియుండును. ఆ పొలుసు అంచున గల సందులోను, దవడక్రింది గాడిలోను నల్లులు గుంపుగా చేరును. పామును తెల్లని కాగితముపై కొంతసేపు ఉంచినచో రాలిన నల్లులు స్పష్టముగా కనబడును. ఉపేక్షించినచో రక్తము క్షీణించును. కఱచినచోట పుండ్లు పుట్టును. చిన్న పాములు చచ్చిపోవుటయు కలదు. పామును పట్టుకొను మనుష్యులను సయితము ఈ నల్లి కఱచి దద్దుర్లు పుట్టించును.

ఇక దీని జీవితక్రమము. 1953లో జోసెఫ్ కామిన్ అను శాస్త్రజ్ఞుడు చికాగోలో ప్రచురింపబడిన తన రచనలో దీనిని విపులముగా తెలిపెను. తల్లినల్లి కడుపునిండ రక్తము త్రాగి పామును విడిచి దిగిపోవును. పెట్టె మూలలలో, మూత అంచున, చెక్కబీటలలో చీకటియు తేమయు గల చోటు వెదకికొని అచ్చట గ్రుడ్లు పెట్టును. తన జీవితకాలములో 60 మొదలు 80 వఱకు పెట్టును. ఎక్కువ వెచ్చగా నున్నచో ఒకటి రెండు దినములలోను, చల్లగా నున్నచో నాలుగు దినములలోను గ్రుడ్లు పగులును. పిల్ల మూడు దశలు దాటి పెద్దదగును. ఆ మూడింటిలో నడిమి దశయందు మాత్రమే అది రక్తము త్రాగును. తక్కిన రెండు దశలయందును ఏమియు తినదు. వెచ్చని పెట్టెలో గ్రుడ్డు మొదలు పెద్దనల్లి యగువఱకు పట్టు కాలము సుమారు రెండు వారములు. పెద్దనల్లి నలువది దినములవఱకు బ్రతుకగలదు. ఇంకొక విచిత్రము: మగనల్లితో కలియని ఆడునల్లి పెట్టిన గ్రుడ్లనుండి మగపిల్లలు పుట్టును; అవి పెరిగి తల్లితోనే కలియును. కాబట్టి ఒక్క ఆడునల్లి వచ్చి చేరినను గుంపు పుట్టుటకు చాలును.

అడవిపాములకును ఇట్టి పురుగులు పట్టును. కాని అడవిపాము ఒక పుట్టలో నేడుండి రేపు వేఱొక బొఱియకు పోవును. దాని వెనుక నల్లి పెట్టిన గ్రుడ్లు పాత చోటనే మిగిలిపోవును. పగిలి వచ్చిన పిల్లలలో పెక్కింటికి ఆహారము దొరకదు. పెట్టెలోని పామునకు అట్టి భాగ్యము లేదు. గ్రుడ్డు పగిలినచోటనే పాము పడుకొనియుండును. పెంచువాడిచ్చు వెచ్చదనమును తేమయు నల్లికిని అనుకూలించును. అడవిలో చిన్నబాధగా నుండునది పెట్టెలో ప్రాణాంతకమగుటకు కారణ మిదియే.

ఇందువలన తేలిన సంగతి యొక్కటి. మన పెద్దలు మంచములో నల్లి పడినపుడు పడుకొన్న మనిషికి మందు పూయలేదు. మంచమును వాకిట వేసి, కోళ్లసందులలో సలసల కాగిన నీరు పోసి ఎండబెట్టిరి. పామునల్లి విషయమునను అదే నీతి. పాముపై కనబడు నల్లులు కొన్నియే. పెట్టెలో దాగినవి, పుట్టబోవునవి పెక్కు.

కావున నల్లి కనబడినవెంటనే ఆ పామును తక్కిన పాములనుండి దూరముగా ఉంచవలెను. పెట్టెలో పఱచిన పొట్టును, ఆకులను సంచిలో మూటగట్టి పాఱవేయవలెను. చెక్కను, బెరడును వదలుకొనుటయే మంచిది. వాని బీటలను కడిగి శుద్ధిచేయుట కష్టము. పెట్టెను చాల వేడినీటితో మూలమూలలు రుద్ది కడిగి, ఆఱబెట్టి, అడుగున తెల్లకాగితము మాత్రము పఱచవలెను. పామును గోరువెచ్చని నీటిలో తల తేలియుండునట్లు కొంతసేపు ఉంచినచో అనేక నల్లులు మునిగి చచ్చును. కాని కొన్ని తలపైకి ప్రాకిపోవును గనుక స్నానము ఒక్కటియే చాలదు. నూనె పూయువారును కలరు. నూనె తగిలిన నల్లి ఊపిరాడక చచ్చును. పెట్టెలోని గ్రుడ్డుకు దానివలన ఏమియు కాదు.

మందును పశువైద్యుడే నిర్ణయింపవలెను. ఐవర్‌మెక్టిన్ అను మందును పాములకు తూకమునుబట్టి మిక్కిలి స్వల్పముగా ఇత్తురు. మన పశువులకు సూదిమందుగా ఇచ్చునదియు ఇదియే. దీనికి మూలమైన పరిశోధనకుగాను జపానువాడైన సతోషి ఓమురాయు, ఐర్లండులో పుట్టిన విలియం కాంబెలును 2015లో నోబెలు బహుమానమందు పాలుపొందిరి. అంతటి మేలైన మందైనను తాబేటికి ఇచ్చినచో ప్రాణము తీయును. కావున పామును తాబేలును పెంచు ఇంటిలో మిగుల జాగ్రత్త వలెను. పశువులకని తెచ్చిన మందును ఎవరికి వారు కొలచి పామునకు ఇయ్యరాదు. పైరుమీద చల్లు మందును, కిరసనాయిలును దాని దరికి రానీయరాదు. నల్లికంటె ముందుగా పామే చచ్చును. మట్టిలో బ్రతుకుచు ఇతర నల్లులను తిను ఒక మంచి నల్లిజాతిని పెట్టెలో వదలు పద్ధతియు కలదు. దానిని వదలినచోట పురుగుమందు వాడరాదు.

ఏ పద్ధతి యైనను ఒక్కసారితో ముగియదు. నేడు చల్లిన మందునకు గ్రుడ్లు చావకపోవచ్చును. అవి పగులగా వచ్చిన పిల్లలు మఱల గ్రుడ్లు పెట్టకముందే వానిని చంపవలెను. అందుచేత కడుగుటయు మందును వైద్యుడు చెప్పిన గడువు చొప్పున ఆఱు వారములవఱకు సాగింపవలెను. పది దినములకు పాము తేఱుకొన్నదని మానినచో శ్రమయంతయు వ్యర్థమగును. అన్నింటికన్న మేలైనది రానీయకుండుట. క్రొత్తగా కొన్న పామును రెండు మూడు నెలలు వేఱు గదిలో ఉంచవలెను. దానిని తాకిన చేతులు కడిగికొని మఱి పాతదానిని తాకవలెను. ఆఫ్రికా పడమటి తీరమునందలి ఘానా, టోగో, బెనిన్ దేశములనుండి కొండచిలువలు విదేశపు అంగళ్లకు పోవుచున్నవి. అట్టి వర్తకముతోనే నల్లియు ప్రపంచమంతట వ్యాపించినది.

ఇక మన కోళ్లగూటి మాట. కోళ్లను పీడించు ఎఱ్ఱనల్లి దీనికి దగ్గఱి చుట్టము. అది పగలు దండెపు చీలికలలో, గోడసందులలో దాగి, రాత్రి కోడిపైకెక్కి రక్తము త్రాగును. పగలు కోడిని పట్టి చూచినచో ఏమియు కనబడదు; కోడి మాత్రము చిక్కిపోవును, జుట్టు పాలిపోవును, గ్రుడ్లు తగ్గును. రాత్రివేళ దీపము తీసికొనిపోయి దండెపు అడుగుభాగమును చూడుడు. నల్లి కనబడినచో కోడికి మందు వెదకుటకు ముందు దండెమును మార్చుడు, చీలికలలో కాగిన నీరు పోయుడు, గోడసందులను పూడ్చి సున్నము కొట్టుడు, వారము వారము మఱల పరీక్షింపుడు. కోళ్లను తీసివేసి గూటిని కొన్నాళ్లు పాడుపెట్టిన చాలునని తలపవలదు. ఈ నల్లి మేతలేక నెలలకొలది బ్రతుకగలదు. ఈ రాత్రియే దీపముతో ఒకసారి గూటిలోనికి తొంగిచూడుడు.